గ్రాండ్ కాన్యన్ కాదు... గ్రాండ్ యూనియన్!

బూట్లకు పేరు పడ్డ ఊళ్లో ఉంటున్నాం మేము. నార్తాంప్టన్ అంటే ఇంగ్లండులో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది తోలు బూట్లే. ఇక్కడి ఫుట్‌బాల్ జట్టుకు కూడా ముద్దుపేరు ‘కాబ్లర్స్’... అంటే చెప్పులు కుట్టేవాళ్లు! ఈ ఊరి పేరున్న కంపెనీల బూట్లు ఒక్క జత కొనాలంటే మా వారం జీతం చాలదనుకోండి, అది వేరే సంగతి. మేం మాత్రం సేల్‌లో 35 పౌండ్లకు కొన్న పరుగు బూట్లతో ఈ ఊరి నుంచి పక్క జిల్లా దాకా పోయొచ్చాం. దాదాపు 18 మైళ్లు. రోడ్డు మీద కాదు, కాలువ గట్టు మీద.

మేం అంటే అయిదుగురం. తెనాలి నుంచి వచ్చిన నర్సు అక్క. చదువుకోవడానికి వచ్చి ఇప్పుడు వర్క్ వీసా మీద ఉన్న జమ్మలమడుగు తమ్ముడు. రాత్రిళ్లు సైకిల్ మీద ఇళ్లకు బిర్యానీలు, పిజ్జాలు చేరవేసే శ్రీకాకుళం కుర్రాడు. పదకొండేళ్లు దుబాయ్‌లో చేసి, 2023లో భార్యకు కేర్ వర్కర్ వీసా వస్తే ఆమె వెంట వచ్చిన నిజామాబాద్ అన్న. ఆయన ఎం-1 మోటార్‌వే పక్కన ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. అయిదోది ఈ నాలుగు ముక్కలు రాస్తున్న చెయ్యి. పేర్లు వెయ్యొద్దని అందరూ ఒకే మాట అన్నారు. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

అసలు ఈ పిచ్చి మాకు ఎక్కించింది అమెరికా మిత్రుడొకడు. ఫీనిక్స్‌లో ఉంటాడు. తన దోస్తులతో కలిసి గ్రాండ్ కాన్యన్‌లో దిగి, అడుగున కొలరాడో నది దాటి, అవతలి అంచు ఎక్కానని వాట్సాప్‌లో ఫొటోలు కుమ్మరించాడు. దీన్ని అక్కడ ‘రిమ్ టు రిమ్’ అంటారట. 20 మైళ్ల పైమాటే. కొందరు మహానుభావులు అదే రోజు మళ్లీ దిగి, మళ్లీ ఎక్కి వెనక్కి కూడా వస్తారు. అప్పుడు 40 మైళ్లు దాటిపోతుంది. లోతు దాదాపు ఒక మైలు. మన తిరుమల కొండ లెక్క వేరు... ముందు ఎక్కుతాం, అలసిపోయాక దిగుతాం. ఇక్కడ అంతా తలకిందులు. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు దిగుడు, అయిపోయాక ఎక్కుడు. పైన చల్లగా ఉన్నా వేసవిలో అడుగున ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అందుకే నది దాకా పోయి అదే రోజు తిరిగి రావాలని చూడొద్దంటూ పార్కు వాళ్లే హెచ్చరిస్తారు. నీళ్లు తక్కువ తాగి పడిపోయేవాళ్లు కొందరైతే, ఉప్పు అందకుండా నీళ్లే తాగి తాగి పడిపోయేవాళ్లు ఇంకొందరు.

ఫొటోలు చూసి జమ్మలమడుగు తమ్ముడు ముక్కు చిట్లించాడు. "ఏమప్పా, మా గండికోట ఎవురూ సూడ్లేదా? పెన్నేరు కొండను నిలువునా కోసింటాది. చిన్నప్పుడు ఆ రాళ్ల మీదనే ఉరుకుతాంటిమి" అన్నాడు. నిజమే. ఎర్రమల కొండల్ని పెన్నా చీల్చుకుపోయిన ఆ గండి ముందు నిలబడితే ఎవరికైనా మాట పడిపోతుంది. కానీ గండికోట ఉన్నది కడప జిల్లాలో, మేం ఉన్నది నార్తాంప్టన్‌లో. ఇక్కడ కొండే దిక్కు లేదు, ఇక లోయ ఎక్కడిది? రోడ్ అనే పల్లె దగ్గర రైలు మార్గం కోసం 1830లలో రాబర్ట్ స్టీఫెన్‌సన్ తవ్వించిన పెద్ద కోత ఒకటుంది, చూడ్డానికి చిన్న కాన్యన్‌లాగే ఉంటుంది. అయితే అందులో లండన్ రైళ్లు తిరుగుతాయి. మనం తిరిగితే పోలీసులు తిరుగుతారు.

"కాన్యన్ లేకపోతే కాలువ ఉందిగా" అంది తెనాలి అక్క. "అదీ గ్రాండే కదా!"

అలా తేలింది గ్రాండ్ యూనియన్ కెనాల్. లండన్‌ను బర్మింగ్‌హామ్‌తో కలిపే కాలువ ఇది. మా ఊరి నది పేరు నెన్. ఆ నది నుంచి గేటన్ జంక్షన్ దాకా అయిదు మైళ్ల పాయ ఒకటి పోయి పెద్ద కాలువలో కలుస్తుంది. ఈ పాయ తెరుచుకుని 2015కు 200 ఏళ్లు నిండాయి. అక్కణ్నుంచి దక్షిణంగా బ్లిస్‌వర్త్, స్టోక్ బ్రూర్న్, కాస్‌గ్రోవ్ మీదుగా వుల్వర్టన్ చేరితే మిల్టన్ కీన్స్ వచ్చేసినట్టే. వుల్వర్టన్‌లో రైలెక్కితే పావుగంటలో మళ్లీ నార్తాంప్టన్. పావుగంట రైలు దూరానికి అరపూట పరుగెత్తడం ఏమిటని మా ఇళ్లలో నవ్వారు. నవ్వితే నవ్వారు. గట్టు మీద నడవడానికైనా, పరిగెత్తడానికైనా టికెట్టు లేదు, ఎవరూ అడగరు. నెలాఖరున పైసా పైసా లెక్క చూసుకుని ఇంటికి పంపేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

నిజం చెప్పాలంటే ఇది మేం కనిపెట్టిందేమీ కాదు. బర్మింగ్‌హామ్ నుంచి లండన్ దాకా ఇదే గట్టు మీద 145 మైళ్ల పరుగు పందెం 1993లో మొదలైంది. గడువు 45 గంటలు. నిద్రపోతే గడువు దాటుతుంది, పోకపోతే మనిషి దాటిపోతాడు. వాళ్ల ముందు మా 18 మైళ్లు టిఫిన్‌తో సమానం.

చలికాలమంతా తయారయ్యాం. ఫోనులో ‘కౌచ్ టు 5కే’ పెట్టుకుని నిమిషం పరుగు, నిమిషంన్నర నడకతో మొదలు. తర్వాత శనివారం పొద్దున 9 గంటలకు రేస్‌కోర్స్ పార్కులో పార్క్‌రన్. పేరు రేస్‌కోర్సే గాని అక్కడ గుర్రప్పందేలు ఆగిపోయి నూరేళ్లు దాటింది. పార్క్‌రన్ 2004లో లండన్ బుషీ పార్కులో 13 మందితో మొదలైందని చెబుతారు. ఇప్పుడు ఇంగ్లండులో చెప్పుకోదగ్గ ఏ ఊళ్లో చూసినా ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, చివర వచ్చినా ఎవరూ నవ్వరు. కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఇంగ్లీషు మాటలు పలికించే చోటు కూడా అదే. గోదాములో నోరు మెదపని వాళ్లు అక్కడ ‘గుడ్ మార్నింగ్’ దగ్గర మొదలుపెట్టి వాతావరణం దాకా వెళ్తారు.

ఈ శిక్షణలో మేం గమనించీ గమనించనట్టు వదిలేసింది ఒకటుంది. నిజామాబాద్ అన్న నీళ్లు ఎక్కువ తాగేవాడు. మైలుకోసారి పొదల చాటుకు పోయేవాడు. "అన్నా, నీకు కాలువ ఎందుకు, నువ్వే ఒక కాలువ" అని శ్రీకాకుళం కుర్రాడు ఏడిపిస్తే అందరం పగలబడి నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే గొంతులో ముల్లు.

గట్టెక్కిన రోజు

2025 మే 5, సోమవారం, బ్యాంక్ హాలిడే. ఆ వసంతంలో వానలు బాగా తక్కువ. గట్టు మీద బురద లేదు. పొద్దున ఏడింటికి నది దగ్గర కలిశాం. అన్న రాత్రి పది నుంచి ఆరు దాకా డ్యూటీ చేసి, ఇంటికి పోకుండా నేరుగా వచ్చాడు. సెలవు రోజు షిఫ్టుకు ఎక్కువ కట్టిస్తారు, అది వదులుకోడు. "నిద్ర లేకుండా ఎట్లా అన్నయ్యగారూ?" అని అక్క అడిగితే, "దుబాయ్‌ల ఎండల్ల పన్నెండు గంటలు నిలవడ్డోన్ని, ఇది ఎంత సెల్లే" అన్నాడు. తిన్నావా అని మాత్రం ఎవరం అడగలేదు.

మొదటి అయిదు మైళ్లలో 17 లాకులు. లాకు అంటే గోదావరి, కృష్ణా డెల్టా వాళ్లకు చెప్పక్కర్లేదు. పడవను గదిలాంటి తొట్టిలోకి తెచ్చి, తలుపులు మూసి, నీళ్లు నింపి పైమెట్టు ఎక్కించడం. రాదర్స్‌థార్ప్ దగ్గర ఈ లాకులు మెట్లలాగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. మధ్యలో నెత్తిన ఎం-1 మోటార్‌వే హోరు. పైన లారీలు గంటకు 56 మైళ్ల వేగంతో పోతుంటే కింద ఒక పడవ అర మైలుకు అరగంట తీసుకుంటోంది. మేం రోజూ సరుకు ఎక్కించేది ఆ పైన పోయే లారీల్లోనే. "మా దుగ్గిరాల లాకుల దగ్గర పెరిగినదాన్ని, వీటిని చూస్తే పుట్టింటికి వచ్చినట్టుంది" అని అక్క ఒక్కో తలుపు తట్టుకుంటూ పోయింది.

గేటన్ దాటి బ్లిస్‌వర్త్ చేరేసరికి కాలువ నేరుగా కొండలోకి దూరిపోయింది. బ్లిస్‌వర్త్ సొరంగం పొడవు 3,076 గజాలు, అంటే 2.8 కిలోమీటర్లు. లోపల గట్టు లేదు. పడవలకు ఇంజన్లు లేని రోజుల్లో గుర్రాన్ని విప్పి కొండ మీదుగా నడిపించుకుపోయేవారు. పడవనేమో మనుషులు పలకల మీద వెల్లకిలా పడుకుని, సొరంగం గోడల్ని కాళ్లతో తన్నుతూ అవతలికి నడిపించేవారు. చీకట్లో, చెమ్మలో, రెండు మైళ్లకు కాస్త తక్కువ దూరం గోడ మీద నడక! మేం గుర్రాల దారే పట్టాం. కొండ మీద పొలాల మధ్య అక్కడక్కడా ఇటుకల గుండ్రటి బురుజులు పొగగొట్టాల్లా లేచి ఉంటాయి. కింద సొరంగానికి గాలి అందించే బావుల నోళ్లు అవి.

ఒక బురుజుకు ఆనుకుని నీళ్లు తాగుతూ అక్కడి కథ చెప్పుకున్నాం. 1793లో తవ్వకం మొదలైంది. పలుగూ పారా తప్ప యంత్రాల్లేవు. మూడేళ్లకు లోపల ఊబి ఇసుక విరుచుకుపడి 14 మంది కూలీలు చచ్చిపోయారు. ఆ తవ్విందంతా వదిలేసి పక్కనే మళ్లీ మొదటి నుంచి తవ్వారు. 1805 మార్చిలో గాని పడవ నడవలేదు. అప్పటిదాకా సరుకును కొండ మీదుగా పట్టాల బళ్లలో మోశారు. ఈ కాలువల్ని అప్పట్లో ‘నావిగేషన్’ అనేవారు. తవ్వే కూలీలకు ‘నావీలు’ అని పేరు వచ్చింది. ఒకచోట పని అయిపోతే మూట కట్టుకుని ఇంకోచోటికి. "గంటె మన లెక్కనే" అన్నాడు అన్న. ఆ పొద్దున ఆయన తెలివిగా అన్న చివరి మాట అదే.

‘ఏం గాలే... జర తల తిరుగుతుంది గంతే’

కొండ దిగితే స్టోక్ బ్రూర్న్. పాత మిల్లులో కాలువల మ్యూజియం, ఎదురుగా గడ్డి కప్పు పబ్బు, రంగురంగుల పడవలు, కాలెండర్ బొమ్మలాంటి పల్లె. మేం ఆగింది పది నిమిషాలే. అందరం అరటిపళ్లు తిన్నాం. అన్న తిన్నాడా? తినలేదు. "తర్వాత తింట" అని జేబులో పెట్టుకున్నాడు. అక్కడి ఏడు లాకులు దిగాక కాస్‌గ్రోవ్ దాకా ఆరు మైళ్లు లాకు అన్నదే లేదు. ఊళ్లన్నీ గట్టుకు దూరంగా ఉంటాయి. గొర్రెలు, చెట్లు, కాలువ, అంతే.

గ్రాఫ్టన్ రెజిస్ దాటాక అన్న వెనకబడ్డాడు. తిరిగి చూస్తే గట్టు మీద ఒక పక్కకు ఒరుగుతూ నడుస్తున్నాడు. నీళ్లు అడుగు దూరంలో ఉన్నాయి. పరుగెత్తుకెళ్లి పట్టుకున్నాం. చల్లగాలిలో చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది. చేతులు వణుకుతున్నాయి. "ఏం గాలే... జర తల తిరుగుతుంది గంతే. నడువుండ్రి" అన్నాడు. తర్వాత జమ్మలమడుగు తమ్ముణ్ని పట్టుకుని, దుబాయ్‌లో తన రూమ్మేటు పేరుతో పిలిచి, బస్సు పోతుందని కోప్పడ్డాడు.

నిద్ర చాలలేదనుకున్నాం మేము. అక్క అనుకోలేదు. "అన్నయ్యగారూ, మీకు షుగర్ ఉందా?" అని సూటిగా అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అక్క మాట్లాడకుండా ఆయన సంచి బోర్లించింది. మారు చొక్కా, చార్జరు, తినని అరటిపండు, అడుగున గుడ్డలో చుట్టిన చిన్న నల్ల పెట్టె. షుగర్ చూసుకునే మీటరు!

వేలు గుచ్చి చూస్తే 2.9.

ఇక్కడి లెక్క మన ఊరి లెక్క కాదు. ఈ అంకెను 18తో గుణిస్తే మన డాక్టర్లు చెప్పే అంకె వస్తుంది. 2.9 అంటే 52. ఇక్కడ 4 కంటే, అంటే మన 72 కంటే తగ్గితే ప్రమాదమనే లెక్క. ఆ మీటరు వైపు చూస్తూ మేం నలుగురం బిగుసుకుపోయాం. తమ్ముడు తన సంచిలోంచి పల్లీ చిక్కీ తీస్తే అక్క వద్దంది. పల్లీల్లో నూనె ఉంటుంది, చక్కెర రక్తంలోకి త్వరగా చేరనివ్వదట. శ్రీకాకుళం కుర్రాడు ఆత్రంగా కోక్ డబ్బా అందించాడు. అది డైట్ కోక్! తీపి ఉంటుంది గాని చక్కెర చుక్క ఉండదు, ఇలాంటప్పుడు దండగ. చివరికి ఆ కుర్రాడి జేబులోనే దారి ఖర్చుకని పెట్టుకున్న జెల్లీ బేబీలు దొరికాయి. నాలుగు నమిలించింది. అప్పటికి ఆయన నమిలి మింగగలుగుతున్నాడు కాబట్టి సరిపోయింది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 999కి ఫోను చెయ్యాలి. తమ్ముడు అప్పటికే ఫోను పట్టుకుని దగ్గర్లోని వంతెన నంబరు చూసుకుని సిద్ధంగా నిలబడ్డాడు. కాలువ మీద ప్రతి వంతెనకూ నంబరు ఉంటుంది. ఊరి పేరు తెలియని చోట అదే మన అడ్రసు.

పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల్లో మాకు పరుగూ లేదు, పందెమూ లేదు. ఎదురుగా ఒక తెల్ల బాతు ఏడు పిల్లల్ని వెంటేసుకుని అటూ ఇటూ తిరిగింది. పడవలో పోతున్న ఒక ముసలి దొరసాని ఏమైందని అడిగి, పడవ గట్టుకు కట్టేసి దుప్పటి తెచ్చి కప్పింది. మళ్లీ గుచ్చి చూస్తే 4.6. అప్పుడు అక్క తన డబ్బాలోని పులిహోర ముద్దలు చేసి పెట్టింది. త్వరగా ఎక్కే చక్కెర ముందు, నిదానంగా నిలిచే తిండి తర్వాత. వరస అదట.

రెండో ముద్దకు అన్న తెలివిలోకొచ్చాడు. వచ్చి అడిగిన మొదటి మాట: "అయ్యో సెల్లే, ఇయ్యాల సోమవారం. ఒక్కపొద్దు ఉన్న. ఆ జెల్లీల నీచు ఏం లేదు గదా?"

జిలాటిన్ ఉంటుంది. అక్క చెప్పలేదు. "శివయ్య ఏమీ అనుకోడు, తినండి" అంది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఏడాది కిందట జీపీ దగ్గర రక్తపరీక్షలో మూడు నెలల షుగర్ లెక్క 61 వచ్చింది. 48 దాటితే షుగరే. రాసిన మాత్రల్లో ఒకటి గ్లిక్లజైడ్. మనం తిన్నామా లేదా చూడదు అది, ఇన్సులిన్‌ను బయటికి నెట్టడమే దాని పని. రాత్రంతా డ్యూటీ, కడుపులో మెతుకు లేదు, పొద్దున అలవాటుగా మాత్ర, ఆపైన పదమూడు మైళ్లు. ఇంకేం మిగులుతుంది?

ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే, గోదాములో తెలిస్తే ఫోర్క్‌లిఫ్ట్ దింపేస్తారని భయం. మాకు తెలిస్తే మాటల్లో అక్కడికి చేరుతుందని భయం. ఇంట్లో తెలిస్తే? ఆమె కేర్ హోమ్‌లో పరాయి ముసలివాళ్లకు వేళకు మందులిస్తుంది, వేళకు తినిపిస్తుంది. ఆమెకే చెప్పలేదు. మాత్రలు డ్యూటీ లాకర్లో దాచాడు. పైగా ఏడాదిగా ప్రతి మందుకూ 9.90 పౌండ్లు కడుతున్నాడు. షుగర్‌కు మందులు వాడేవాళ్లకు ఇంగ్లండులో ప్రిస్క్రిప్షన్లన్నీ ఉచితం. జీపీ దగ్గర ఒక ఫారం నింపితే కార్డు వస్తుంది. దాచిపెట్టిన రోగానికి కార్డు ఎక్కడ అడుగుతాడు?

ఆయన ఒక్కడేనా? మా అందరి సంగతీ అంతే. మన దక్షిణాసియా వాళ్లకు షుగర్ ముప్పు ఎక్కువని, మనవాళ్లకు బీఎంఐ 23 దాటితేనే జాగ్రత్త పడాలని ఇక్కడి వైద్యులే చెబుతారు. తెల్లవాళ్లకైతే ఆ గీత 25 దగ్గర. రాత్రి డ్యూటీలు, తెల్లారి తినే అన్నం, పగటి నిద్ర దీనికి తోడు. మాలో కొందరం వీసా కోసం హెల్త్ సర్‌చార్జీ వేలకు వేలు కట్టి వస్తాం. వచ్చాక జీపీ గడప తొక్కం. శ్రీకాకుళం కుర్రాడు రెండేళ్లయినా అసలు పేరే నమోదు చేసుకోలేదని ఆ గట్టు మీదే ఒప్పుకున్నాడు.

కాస్‌గ్రోవ్‌లో బకింగ్‌హాం కాలువ

ఇక పరుగు మాట ఎత్తలేదు. అన్నను మధ్యలో పెట్టుకుని నడిచాం. కాస్‌గ్రోవ్ లాకు దగ్గర పక్కకు చీలిన చిన్న పాయ ముందు అక్క ఠక్కున ఆగిపోయింది. బకింగ్‌హాం ఆర్మ్. "ఇదేంటీ, మా బకింగ్‌హాం కాలువ ఇక్కడుందేంటీ?" అంది. వాళ్ల అమ్మమ్మగారిది పెదగంజాం దగ్గర పల్లె. అక్కడి నుంచి నెల్లూరు తీరం వెంబడి మద్రాసు దాకా పోయే కాలువ పేరు అదే కదా!

రెంటికీ చుట్టరికం నిజంగానే ఉంది. ఇక్కడి పాయ 1801లో తెరుచుకుంది. దీనికోసం గట్టిగా పట్టుబట్టినవాడు బకింగ్‌హాం మార్క్విస్. ఆయన మునిమనవడే బకింగ్‌హాం మూడో డ్యూక్. 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరు. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే 1876-78 కరువు ఆయన హయాంలోనిదే. మద్రాసులో అడయారుకూ కూవానికీ మధ్య కాలువను ఆ కరువులోనే, సహాయ పనుల కింద ఆకలి కూలీల చేత తవ్వించారు. అప్పటికే ఉన్న కాలువ మొత్తానికి ఆ డ్యూక్ పేరు పెట్టారు. కరువు పనులకు వచ్చిన మగ కూలీకి ఒక దశలో రోజుకు పౌను గింజలు, పైన చిన్న డబ్బు చాలని లెక్క కట్టినవాడు సర్ రిచర్డ్ టెంపుల్. పౌను అంటే అర కిలో కూడా కాదు. మట్టి తవ్వే మనిషికి!

"గా పౌనుతోటి ఎట్ల తవ్విన్రో" అన్నాడు అన్న, చేతిలోని పులిహోర డబ్బా చూసుకుంటూ. అక్క ఊరుకోలేదు. "మీరు ఆ పౌను కూడా లేకుండా పరిగెత్తారు" అని కసిరింది.

కాస్‌గ్రోవ్ దాటితే గ్రేట్ ఊజ్ నది. దాని మీద కాలువే వంతెనెక్కి పోతుంది, ఇనుప తొట్టిలో. ముందు కట్టిన ఇటుక వంతెన 1808లో కూలిపోతే 1811లో ఈ ఇనుపది పెట్టారు. కాలువ ఒక పక్క, సన్నటి నడకదారి ఒక పక్క, కింద 40 అడుగుల లోతున నది. మేం చూసిన కాన్యన్ అదే! తమ్ముడు కిందికి తొంగి చూసి, "గండికోట ముందర ఇది మురిక్కాలువ అన్నా" అని తీర్పు చెప్పాడు. ఆ రోజు మేం నవ్వింది అప్పుడే.

వుల్వర్టన్ ప్లాట్‌ఫారం మీద అక్క ఫోను అన్న చేతిలో పెట్టింది. "వదినకు చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తా." ఆయన చాలాసేపు ఫోను వైపు చూశాడు. తర్వాత దూరంగా పోయి మాట్లాడాడు. ఏం మాట్లాడాడో వినలేదు. రైలు పావుగంటలో నార్తాంప్టన్‌లో దింపింది. వదిన కేర్ హోమ్ యూనిఫాంలోనే స్టేషన్ బయట నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాం, ఏడుస్తుందనుకున్నాం. మా ఎవరి వైపూ చూడలేదు. ఆయన్ని అడిగింది ఒకటే. "పొద్దుగాల ఏం తిన్నవ్?"

ఆ తర్వాత సంగతులు పూర్తిగా తీపేమీ కాదు. అన్న గోదాములో చెప్పాడు. మూడు వారాలు ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కనివ్వలేదు. ప్యాకింగ్‌లో నిలబెట్టారు. జీతం తగ్గింది, ఆ నెల ఊరికి పంపిందీ తగ్గింది. ఆక్యుపేషనల్ హెల్త్ వాళ్లు చూసి సరేనన్నాక మళ్లీ బండి ఎక్కాడు. రాత్రి రెండింటికి తినడానికి విరామం కాగితం మీద రాయించుకున్నాడు. జీపీ గ్లిక్లజైడ్ తీసేసి వేరే మందు రాశారు. ఒక్కపొద్దు మాత్రం మానలేదు. డాక్టరును అడిగి, పాలూ పళ్లతో ఉంటున్నాడు. మూడు నెలల లెక్క 61 నుంచి 52కి దిగింది. శ్రీకాకుళం కుర్రాడు జీపీ దగ్గర పేరు రాయించుకున్నాడు. మా అయిదుగురి సంచుల్లోనూ ఇప్పుడు జెల్లీ బేబీలు ఉంటాయి. అన్న సంచిలో మాత్రం ఆయన వెతికి వెతికి కొన్న గ్లూకోజ్ బిళ్లలు, జిలాటిన్ లేనివి. ఎవరు చెప్పారో మరి!

తర్వాతి పరుగు ఉత్తరంగా, బ్రాన్‌స్టన్ వైపు. వదిన కూడా సైకిల్ మీద వస్తానంది, టిఫిన్ బాధ్యత తనదేనట. తేదీ ఆదివారం పెట్టుకున్నాం. సోమవారం కాదు.